అద్దాల బీరువాలో ఇత్తడి యంత్రం, చెదల్లో కొలతల పుస్తకం

పోయిన నెల రీసర్వే తప్పుల మీద అర్జీ ఇవ్వడానికి మన సంఘం తరఫున పదకొండు మందిమి ఒక సర్వే ఆఫీసుకు వెళ్ళాం. ఏ జిల్లా ఆఫీసో ఇక్కడ రాయడం లేదు. అక్కడి సిబ్బంది మీద మాకు కక్ష లేదు, పైగా మేం చెప్పబోయేది చాలాచోట్ల కనపడే సంగతే. గుమ్మం దాటగానే ఎదురుగా ఒక అద్దాల బీరువా. లోపల ఎర్రగుడ్డ పరిచి దాని మీద ఒక ఇత్తడి యంత్రం నిలబెట్టారు. మూడు మరల మీద పీఠం, దాని మీద అంకెలు చెక్కిన గుండ్రటి పళ్ళెం, పైన చిన్న దుర్భిణి. చింతపండు పెట్టి తోమిన పూజ సామానులా మెరుస్తోంది. కింద చీటీ మీద 'పాతకాలపు థియోడలైట్, తాకరాదు' అని రాసి ఉంది.

మేం వెళ్ళింది దాన్ని తాకడానికి కాదు. మూడు గ్రామాల రైతులకు ఎఫ్‌ఎంబీ నకళ్ళు కావాలి. ఎఫ్‌ఎంబీ అంటే ఒక్కో సర్వే నంబరుకు గట్టు గట్టూ కొలిచి, కొలతలు వేసి గీసిన పాత పటాల పుస్తకం. ఫీజు కట్టి నాలుగు నెలలైంది. లోపలికి వెళ్ళొచ్చిన ఉద్యోగి పాపం ఉన్నమాటే చెప్పాడు. రెండు గ్రామాల పుస్తకాలు చెదలు పట్టాయట. మూడోది స్కానింగుకు వెళ్ళి ఇంకా తిరిగి రాలేదట. మాతో వచ్చిన పెద్దాయన ఒకసారి బీరువా వంక, ఒకసారి ఆ ఉద్యోగి వంక చూసి, "కుంచాన్ని తోమి పెట్టుకున్నారు, గింజల్ని పందికొక్కులకు వదిలేశారు" అన్నాడు.

బస్సులో తిరిగి వస్తూ అందరం ఆ మాట గురించే మాట్లాడుకున్నాం. ఆ ఇత్తడి యంత్రం గురించి, అది మన పొలాలకు చేసిన మేలూ కీడూ గురించి, ఇప్పుడు మన గట్ల మీదకు వస్తున్న కొత్త యంత్రాల గురించి సంఘం సభ్యులందరికీ నాలుగు మాటలు రాయాలని అప్పుడే అనుకున్నాం.

థియోడలైట్ ఏం చేస్తుందో మన కుర్రాళ్ళలో చాలామందికి తెలియదు. అది దూరం కొలవదు, కోణం కొలుస్తుంది. ఊరి పొలిమేర మీద ఒక రాయి దగ్గర దాన్ని మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెడతారు. కింద వేలాడే తూకం గుండు సరిగ్గా రాతి మీది గుర్తు మీదకు రావాలి. నీటి బుడగ నడిమికి వచ్చేదాకా మరలు తిప్పాలి. అప్పుడు వెనకటి రాయి దగ్గర జెండా కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని దుర్భిణిలో చూసి పళ్ళెం మీది అంకె రాసుకుంటారు. తర్వాత దుర్భిణిని ముందరి రాయి దగ్గరున్న మనిషి వైపు తిప్పి మళ్ళీ అంకె రాసుకుంటారు. రెండు అంకెల తేడాయే ఆ రాయి దగ్గర కోణం. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. మంచి యంత్రమైతే 20 సెకన్ల దాకా చదవొచ్చు. 20 సెకన్ల తప్పు పడితే కిలోమీటరు దూరాన పది సెంటీమీటర్లు, అంటే బెత్తెడు, పక్కకు పోతుంది. పూర్తిగా ఒక నిమిషం తప్పు పడితే అడుగుకు కాస్త తక్కువ పోతుంది. రాయికీ రాయికీ మధ్య దూరం మాత్రం గొలుసుతోనే లాగాలి. గొలుసంటే 66 అడుగులు, అందులో 100 లింకులు.

ఇలా రాయి రాయీ పట్టుకుని ఊరంతా చుట్టి మొదటి రాయి దగ్గరకు వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలు, నాలుగు మూలలుంటే 360, అయిదుంటే 540 అని హైస్కూల్లో మనమంతా వల్లెవేసిందే. పొలిమేరకు నలభై మూలలున్నా సరే, ఆ లెక్క ప్రకారం రావాల్సిన మొత్తం రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట, మళ్ళీ వెళ్ళి చూడాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒకసారి చదివాక దుర్భిణిని తలకిందులుగా తిప్పి రెండోవైపు నుంచి కూడా చదివి, రెంటికీ సగటు వేస్తారు. యంత్రంలోనే వంకర ఉంటే చాలావరకు అక్కడ తేలిపోతుంది. అంటే ఆ యంత్రాన్ని వాడే పద్ధతిలోనే 'నేను తప్పు చేసి ఉండొచ్చు, నన్ను మళ్ళీ చూడండి' అనే ఒప్పుకోలు ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మా గొడవంతా దీని గురించే.

పొలిమేర తేలాక ఊరి లోపలి పొలాలకు ఈ ఖరీదైన యంత్రం రాదు. గొలుసు, క్రాస్ స్టాఫ్ చాలు. పొలం మధ్య నుంచి మూలకు మూలకు ఒక గీత లాగి, దాని మీద నుంచి ఒక్కో గట్టు మలుపుకూ అడ్డంగా ఎంత దూరమో కొలిచి, ఆ అంకెలన్నీ పటం మీదే వేసేవాళ్ళు. అదే ఎఫ్‌ఎంబీ. అన్ని పొలాలనూ కలిపి గ్రామ పటం గీసేవాళ్ళు. మద్రాసు సర్వే పటాల్లో మైలుకు 16 అంగుళాలు, అంటే కాగితం మీద అంగుళానికి నేల మీద 5 గొలుసులు. ఎనిమిది చదివిన రైతు కూడా అడిబద్ద పెట్టి చూసుకోవచ్చు. విస్తీర్ణం లెక్కయితే ఇంకా సులువు. లింకులను లింకులతో గుణించి వెనకనుంచి అయిదు అంకెలు కొట్టేస్తే ఎకరాలు, ఆ కొట్టేసిన వాటిలో మొదటి రెండూ సెంట్లు. మా తాతల తరంలో సంతకం రానివాళ్ళకు కూడా ఈ కిటుకు తెలుసు.

ఇదంతా చదివి తెల్లదొరలను పొగుడుతున్నామని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ ఇత్తడి యంత్రం మన మేలు కోరి ఓడ ఎక్కలేదు, శిస్తు కోసం వచ్చింది. ఎంత భూమి ఉందో తెలిస్తేనే ఎంత పిండుకోవచ్చో తెలుస్తుంది. మన సీమ జిల్లాలను 1800లో నిజాం దగ్గర నుంచి కంపెనీ లాక్కున్నాక, మన్రో కలెక్టరుగా వచ్చి ముందు చేయించిన పనుల్లో పొలాల కొలత ఒకటి. రైత్వారీ శిస్తు దాని మీదే కట్టాడు. వానలు లేని ఏళ్ళలో కూడా ఆ శిస్తు కట్టలేక ఎన్ని ఊళ్ళు బీడు పడ్డాయో సీమ సోదరులకు వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద సర్వే సంగతి చూడండి. 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద లాంబ్టన్ అనే సైనికాధికారి ఏడున్నర మైళ్ళ గీతను వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. దేశమంతా త్రిభుజాలతో కొలిచే పని అక్కడ పుట్టింది. అతని థియోడలైట్ లండన్‌లో కేరీ అనే పనివాడు చేసింది. పళ్ళెం మూడడుగుల వెడల్పు, మొత్తం బరువు అర టన్ను. వచ్చే దారిలో ఓడను ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. అదేమిటో తెలిశాక మర్యాదగా మద్రాసుకు పంపించారు. రాజులకు రాజులకు మధ్య మర్యాదలు ఎప్పుడూ ఉంటాయి, దాన్ని గుట్టలెక్కించిన కూలీలకు మాత్రం ఏ పుస్తకంలోనూ పేరు లేదు. 1819లో ఎవరెస్టు దొర కృష్ణా గోదావరి నడుమ అడవుల్లో కొలతలు తీస్తున్నప్పుడు బృందమంతా జ్వరాల పాలైంది. దొరగారిని కోలుకోవడానికి ఓడలో ఆఫ్రికా చివరి కొనకు పంపారు. జెండా కర్ర పట్టుకుని నిలబడ్డవాడిని ఎక్కడికి పంపారో రాసిపెట్టినవాళ్ళు లేరు. యంత్రాలు పాడైతే బాగుచేసింది ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. లెక్కలు కట్టింది రాధానాథ్ సిక్దార్ లాంటి మనవాళ్ళు. శిఖరానికి పేరు మాత్రం దొరది.

అయినా సరే, శత్రువు దగ్గర కూడా చూసి నేర్చుకోవలసింది ఒకటుంది. లాంబ్టన్ మద్రాసు గీత నుంచి త్రిభుజాలు కట్టుకుంటూ బెంగళూరు దాకా పోయి ఊరుకోలేదు. 1804లో అక్కడ మరో గీతను నేల మీద మళ్ళీ గొలుసుతో కొలిపించి, తన లెక్కతో సరిచూసుకున్నాడు. ఏడు మైళ్ళ పైచిలుకు దూరంలో తేడా నాలుగు అంగుళాలకు లోపే వచ్చింది. ఆ తేడాను దాచుకోలేదు, రాసి పెట్టాడు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదకు ఎక్కిస్తుంటే తాడు తెగి యంత్రం గోడకు కొట్టుకుంది, పళ్ళెం వంకరపోయింది. అప్పుడు కూడా 'అదే సరిపోతుందిలే' అనుకుని వంకర యంత్రంతో కొలవలేదు. ఆరు వారాలు గుడారంలో కూర్చుని, మరలతో కప్పీలతో సాగదీసి, దాన్ని సరిచేశాకే మళ్ళీ కొలత మొదలుపెట్టాడు. పన్ను కోసం వచ్చిన పరాయివాడు తన యంత్రాన్ని అంత అనుమానించాడు. మనం ఓట్లేసి గెలిపించుకున్నవాళ్ళు తమ యంత్రాన్ని ఒక్క మాట అననివ్వడం లేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో రీసర్వే మొదలుపెట్టారు. నూరేళ్ళ తర్వాత తొలిసారి అని చెప్పారు. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి. సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. రాళ్ళ మీద పథకం పేరు చెక్కారు, పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫొటో వేశారు. 2024లో ప్రభుత్వం మారింది. రాళ్ళ మీది పేర్లు చెరిపే పని, పుస్తకాల మీది ఫొటోలు తీసేసే పని పెట్టుకున్నారు. రీసర్వే మాత్రం మళ్ళీ మొదలైంది. అసలు రాయి సరైన చోట ఉందా అన్న ప్రశ్న మాత్రం ఇటు ప్రభుత్వానికీ పట్టలేదు, అటు ప్రభుత్వానికీ పట్టలేదు.

మా పక్క ఊళ్ళో జరిగింది చెబుతాం. ఒక సన్నకారు రైతు, తండ్రి నుంచి వచ్చిన 2 ఎకరాల 40 సెంట్ల మెట్ట. రీసర్వే తర్వాత కాగితం మీద 2 ఎకరాల 33 సెంట్లు అయింది. ఏడు సెంట్లంటే 338 గజాల పైమాటే. రోవర్ పట్టుకొచ్చిన కుర్రాడిని అడిగితే, "బాబాయ్, సిస్టమ్‌లో ఇదే చూపిస్తోంది" అన్నాడు. "సిస్టమ్ ఎక్కడుంది నాయనా, దాన్నే పిలువు, గట్టు మీదకొచ్చి చూస్తుంది" అన్నాడు రైతు. నవ్వులాటగా అన్న మాట కాదది.

అదృష్టం కొద్దీ ఆయన ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పాత ఎఫ్‌ఎంబీ నకలు ఒకటి దొరికింది. కరణాల కాలంలో వాళ్ళ నాన్న బ్యాంకు అప్పు కోసం తీయించింది. అందులో తూర్పు పడమరల వెడల్పు 387 లింకులు, ఉత్తర దక్షిణాల పొడవు 620 లింకులు. గుణిస్తే 2,39,940. అయిదు అంకెలు కొట్టేస్తే 2 ఎకరాలు, మిగిలింది దాదాపు 40 సెంట్లు. లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. పడమటి మూల రాయి చెక్కుచెదరకుండా ఉంది. దాని దగ్గర నుంచి టేపు పట్టాం. 387 లింకులంటే 255 అడుగుల 5 అంగుళాలు. అక్కడ పైకి ఏమీ కనపడలేదు, చుట్టూ కంది చేను. గునపంతో రెండడుగులు తవ్వగానే ఖణేల్‌మంది. పాత రాయి, నెత్తిన చెక్కిన గుర్తుతో సహా. కొత్త రాయి దానికి ఏడున్నర అడుగులు ఇవతల, ఈయన పొలంలోకి పాతి ఉంది. 620 లింకుల పొడవునా ఏడున్నర అడుగులు పోతే ఎంతో లెక్కేసుకోండి, సరిగ్గా ఆ ఏడు సెంట్లే.

ఎందుకిలా జరిగింది? పక్క రైతు దొంగ కాదు. ఆయనా వచ్చి తవ్వడానికి సాయం పట్టాడు. ఇరవై ఏళ్ళుగా ట్రాక్టరు దున్ని దున్ని గట్టు ఇటు జరిగింది. డ్రోన్ ఆకాశం నుంచి ఆ గట్టునే చూసింది, ఫొటోలో గీత గీశారు, రోవర్ ఆ గీతను నేల మీద నిలబెట్టింది. గట్టు నడుస్తుంది, రాయి నడవదు. ఆకాశం నుంచి చూస్తే గట్టు కనపడుతుంది కానీ హద్దు కనపడదు. హద్దు చూడాలంటే పాత పుస్తకం చూడాలి, నేల తవ్వాలి, పక్కవాళ్ళను పిలిచి అడగాలి. రోవర్ తాను నిలబడ్డ చోటును చక్కగానే చూపించింది. ఎక్కడ నిలబెట్టాలో చెప్పిన మనిషి పాత పుస్తకం తెరవలేదు.

ఆ రైతు అర్జీ ఇంకా నలుగుతోంది. ఆన్‌లైన్‌లో విస్తీర్ణం మారలేదు. కొత్త విస్తీర్ణం ఒప్పుకుంటేనే పంట రుణం రెన్యువల్ అవుతుందన్నారు. ఒప్పుకుని సంతకం పెడితే రేపు కోర్టులో ఆ సంతకమే ఆయనకు అడ్డొస్తుంది. అటు అప్పు, ఇటు హద్దు.

ఇది ఒకరి కథ. జాయింట్ ఎల్‌పీఎంలు పడ్డవాళ్ళది ఇంకా పెద్ద అవస్థ. ముగ్గురు అన్నదమ్ములు పంచుకుని గట్లు వేసుకున్న భూమిని ఒక్క నంబరు కింద కలిపేసి కూర్చోబెట్టారు. ఒకరు అమ్మాలన్నా, అప్పు తేవాలన్నా మిగతా ఇద్దరూ రావాలి. ఒకరు బెంగళూరులో మేస్త్రీ పనిలో ఉంటే ఆయన సెలవు దొరికేదాకా ఇక్కడ ఆడపిల్ల పెళ్ళి ఆగాలి.

ఇలా రాస్తే 'రైతు సంఘాలు టెక్నాలజీకి అడ్డం' అని పేపర్లో రాసేవాళ్ళుంటారు. వాళ్ళకు ముందే చెబుతున్నాం. రోవర్ మాకు శత్రువు కాదు. ఆరుబయట మెట్ట చేలో అది సెంటీమీటర్ల తేడాలో చోటు చెప్పగలదు, ఇత్తడి యంత్రానికీ గొలుసుకూ రోజు పట్టే పని గంటలో తేలుస్తుంది. కొబ్బరి తోటల్లో, మామిడి తోపుల్లో, మేడల పక్కన సిగ్నల్ సరిగా అందక అదీ తడబడుతుంది. అది దాని తప్పు కాదు, ఏ యంత్రానికైనా ఒక హద్దుంటుంది. మా పేచీ ఎక్కడంటే, అది ఎప్పుడు తడబడిందో చెప్పేవాళ్ళు లేరు. థియోడలైట్ కోణాలు కూడకపోతే ఆ పుస్తకంలోనే కనపడేది. రోవర్ అంకెలు తేడా పడితే రైతుకు కనపడే దారేది? మా ఊళ్ళో చాలామంది చేతికి వచ్చింది ఎల్‌పీఎం నంబరు, విస్తీర్ణం ఉన్న పాసుపుస్తకమే. గట్ల కొలతలతో పటం కావాలంటే తిరిగి తిరిగి అడగాలి, అదీ సర్వరు పనిచేసిన రోజైతేనే. తిరిగి కొలుచుకునే వీలు లేనప్పుడు దాన్ని కొలత అనకూడదు, ఉత్తర్వు అనాలి.

మనవైపు తప్పులు లేవని అనడం లేదు. గట్టు చెక్కి చెక్కి పక్కవాడి సాలు కలుపుకున్నది మనమే. దున్నేటప్పుడు అడ్డమొచ్చిందని హద్దు రాయి పెరికి పశువుల కొట్టంలో గడప కింద వేసుకున్నదీ మనమే. నోటీసు వచ్చిన రోజు కూలి పోతుందని, పెళ్ళి ఉందని గట్టు మీదకు రాకుండా ఊరుకున్నవాళ్ళం చాలామందిమి. పాత రోజులేమీ బంగారం కాదు కూడా. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఆ పుస్తకం చూడాలంటే ఎవరి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాలో, ఎన్ని కుంచాలు కొలవాలో పెద్దలకు గుర్తే. అయితే అప్పుడు కరణం దాచినా పుస్తకం ఒకటి ఉండేది. చివరికి కోర్టు పిలిస్తే బయటకు వచ్చేది.

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇప్పటికీ మన హద్దులకు ఆధారం 1923 నాటి సర్వే, హద్దుల చట్టమే. తెల్లవాడి చట్టమే అయినా హద్దు తేల్చే ముందు నోటీసు ఇవ్వాలంది, తగాదా ఉంటే విచారించాలంది, అప్పీలు పెట్టుకోవచ్చంది. 13వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చాక కూడా మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకు వెళ్ళొచ్చని 14వ సెక్షన్ చెప్పింది. దీని మీద నుంచి 2023లో భూహక్కుల చట్టం తెచ్చి, రిజిస్టరులో ఎక్కిన పేరు మీద రెండేళ్ళలో అభ్యంతరం రాకపోతే అదే తిరుగులేని హక్కు అన్నారు. సివిల్ కోర్టు తలుపు కూడా మూయబోయారు. లాయర్లు కోర్టులు మానేసి రోడ్డెక్కారు, మన సంఘాలూ గొంతు కలిపాయి. 2024లో ఆ చట్టం రద్దయింది. రద్దయిందని సంబరపడి ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఆ చట్టం నిలబడాల్సిన పునాది ఈ రీసర్వే రికార్డే. పునాది అలాగే ఉంది. రేపు ఏ ప్రభుత్వమో వచ్చి దాని మీద మళ్ళీ అదే ఇల్లు కట్టదని ఎవరు హామీ ఇస్తారు?

తెలంగాణ సోదరులది ఇంకో తీరు. అక్కడ 2020లో ధరణి వచ్చింది. పేర్లూ ఖాతాలూ కంప్యూటర్లోకి ఎక్కాయి, పటం ఎక్కలేదు. ఇప్పుడు భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు పటం జతచేయాలంటున్నారు. మంచిదే. ఆ పటం పాత టిప్పన్ దగ్గర పెట్టి సరిచూస్తున్నారా లేక ఉన్న గట్టునే గీసి ఇస్తున్నారా అన్నది ఇప్పుడే కనిపెట్టి చూసుకోండి. మాకు జరిగింది మీకు జరగకముందే.

మేం ఆ ఆఫీసులో ఇచ్చిన అర్జీలో అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. కొత్త రాయి పాతే ముందు పాత ఎఫ్‌ఎంబీ తెచ్చి గట్టు మీద తెరిచి చూపించాలి. పాత కొలతకూ కొత్త కొలతకూ తేడా ఎంతో, ఎందుకొచ్చిందో రైతుకు ఇచ్చే కాగితం మీద రాయాలి. ప్రతి గట్టు పొడవూ అడుగుల్లోనో మీటర్లలోనో వేసిన పటాన్ని అడగకుండానే, పైసా తీసుకోకుండా ఇంటికి పంపాలి. అభ్యంతరం చెప్పిన చోట మరో సర్వేయరు, మరో రోజు, మరో రోవర్‌తో మళ్ళీ కొలవాలి. మొదట కొలిచినవాడే వచ్చి తన తప్పు తానే చూసుకుంటే కుదరదు. తగాదా తేలేదాకా పాత విస్తీర్ణం మీదే పంట రుణం, బీమా ఇవ్వాలి. జాయింట్ నంబర్లు విడదీయడానికి రైతు దగ్గర ఫీజు వసూలు చేయకూడదు, కలిపింది రైతు కాదు కదా. చెదలు పట్టని ఎఫ్‌ఎంబీలు ఎక్కడెక్కడ ఎన్ని మిగిలాయో గ్రామాలవారీగా చెప్పాలి. ఇదే అన్నిటికన్నా ముందు జరగాలి, ఎందుకంటే ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే మిగతావన్నీ అడగడానికి ఆధారమే ఉండదు.

అధికారి అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. వస్తూ ఆ అద్దాల బీరువా దగ్గర ఆగాం. పెద్దాయన అద్దానికి ముఖం ఆనించి పళ్ళెం మీది అంకెలు చదవబోయాడు, చత్వారం వల్ల కనపడలేదు. ఇప్పుడు అచ్చం ఇలాంటివే కొత్తగా పోతపోసి, పాతవాటిలా రంగు పట్టించి, పట్నాల్లో హాలు అలంకారానికి అమ్ముతున్నారని మాలో ఒకరు చెప్పారు. వాటితో కోణం కొలవలేమట, దుర్భిణిలో ఏమీ సరిగా కనపడదట. ఆయన నవ్వి, "అయితే రీసర్వేకు అవే పంపినట్టున్నారు" అన్నాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం సంఘం ఆఫీసులో ఊరి ఊరి కొలతలు సరిచూసే పని పెట్టుకున్నాం. 9(2) నోటీసు వచ్చినవాళ్ళు, విస్తీర్ణం తగ్గినవాళ్ళు, పెరిగినవాళ్ళు కూడా రండి. పెరిగిందంటే పక్కవాడిది తగ్గిందనే, రేపు తగాదా మీ గుమ్మంలోనే. ఇంట్లో ట్రంకు పెట్టెలు, అటకలు, దేవుడి పటాల వెనకాలా వెతికి పాత ఎఫ్‌ఎంబీ నకలు, పాత దస్తావేజు, శిస్తు రసీదు ఏది దొరికితే అది తీసుకురండి. కొలతలు లింకుల్లో ఉన్నా మీటర్లలో ఉన్నా ఫరవాలేదు. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, మాకు కూడా. జిరాక్సు తెండి. పక్క గట్టు రైతుతో మాటలు లేకపోయినా సరే, ఆయన్నూ వెంటబెట్టుకుని రండి. టేపు, గునపం సంఘం దగ్గర ఉన్నాయి.